చోటే సాహెబు గడ్డానికి నేరేడుపండు రంగు

గురువారం పొద్దున చోటే సాహెబు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. జువ్వలదిన్నెలో తొమ్మిది గంటల బస్సెక్కి బిట్రగుంటలో దిగాలి. తన కొట్టుకు రావలసిన వలనూలు మూట రైల్లో వచ్చిందో లేదో స్టేషనులో కనుక్కోవాలి. ఎలాగూ అటు పోతున్నాడు కాబట్టి రైల్వే కాలనీలో కూతురి క్వార్టరు మీదుగా నడవాలి. పదింటికి కూతురు సుల్తాన్‌బీ బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోతుంది. అల్లుడు మౌలా గూడ్సు ఆఫీసులో గుమాస్తా, ఆ వేళకు ఇంట్లో ఉండడు. అతని తల్లి కూరగాయలకు బజారుకు పోయి ఉంటుంది. రెండు నెలల మనవరాలు ఉయ్యాలలో నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు లోపలికి పోయి బిడ్డ కాళ్ళు చూసి రావాలి.

కాళ్ళు మాత్రమే. మొహం చూడనని ఆయన అందరి ముందూ అనేసి ఉన్నాడు. పోయిన నెల పేరు పెట్టిన రోజున, చనిపోయిన తన భార్య మదార్‌బీ పేరు పెట్టాలన్నాడు చోటే సాహెబు. "ఈ కాలంలో అట్టాంటి పేర్లు ఎవరు పిలస్తాండారు మామా" అని, మౌలా బిడ్డను పర్వీన్ అన్నాడు. సుల్తాన్‌బీ ఏదో చెప్పబోయింది. ఆయన విననే లేదు. "మదార్‌బీ అనే పేరు నా చెవిన పడిందాకా ఆ బిడ్డ మొహం చూడను" అని బిర్యానీ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. రెండు మైళ్ళు నడిచాక ఆకలేసింది. కానీ మాట మాటే.

అయితే ఆ మాటలో కాళ్ళ ప్రస్తావన లేదు. ఈ సంగతి ఆయన కొట్లో కూర్చుని ఇరవై రోజులు అన్ని వైపుల నుంచీ ఆలోచించి తేల్చుకున్నాడు. కాళ్ళంటే కాళ్ళే, మొహమంటే మొహమే. ఏ కోర్టుకు పోయినా ఇదే తీర్పు వస్తుంది.

పథకం ఉయ్యాల దాకా బాగానే నడిచింది. కాళ్ళు చూశాడు. మడమలు అచ్చం మదార్‌బీవే. ఇంకొంచెం వంగి వేళ్ళు లెక్కపెట్టబోయేసరికి బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. ఏడ్చే బిడ్డను కాళ్ళు పట్టుకుని ఊరుకోబెట్టడం ఎవరి వల్లా కాదు. చోటే సాహెబు కళ్ళు గట్టిగా మూసుకుని, బిడ్డను తడిమి ఎత్తి, భుజానికి ఆనించుకున్నాడు. ఆకలి మీద ఉన్న పసిబిడ్డ నోటికి అందిందల్లా పాలే అనుకుంటుంది. ఆయన తెల్లటి గడ్డాన్ని గుప్పిట్లో పట్టుకుని, మొహం అందులో దూర్చి, చప్పరించడం మొదలుపెట్టింది. జువ్వలదిన్నెలో అంత తెల్లటి గడ్డం ఇంకొకటి లేదు. వారానికొకసారి కుంకుడుకాయతో కడిగిన గడ్డం. చోటే సాహెబు కదలకుండా నిలబడ్డాడు. బిడ్డకు ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, ఆయనకు చాలలేదు.

తర్వాత కళ్ళు తెరుచుకున్నాయి. తానుగా తెరవలేదని ఆయన ఇప్పటికీ అంటాడు. బిడ్డ మొహం కనబడింది. పెదాలు, నాలుక, చిగుళ్ళు అన్నీ ముదురు ఊదా రంగు. నేరేడుపళ్ళ గంపలో పడి లేచినట్టు ఉంది నోరు. ఇంతలో బయట బిందె చప్పుడైంది. బిడ్డను ఉయ్యాలలో పెట్టి, పెరటి తలుపులోంచి దూకి, కంచెకు లుంగీ కొంచెం అప్పగించి, రోడ్డు మీద పడ్డాడు. వలనూలు మూట సంగతి మూటకే వదిలేశాడు.

బస్సులో అందరూ ఆయన వైపే చూశారు. తన దిగులు మొహంలో కనబడుతోంది కాబోలు అనుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలామె, "నేరేడుపళ్ళు ఏడ దొరికినాయన్నా ఈ మాఘమాసంలో" అని అడిగింది. "దొరకవమ్మా" అన్నాడు ఆయన, కిటికీలోంచి చూస్తూ. ఆమె ఆయన గడ్డం వైపు చూసి, ఈయన ఎవరికీ చెప్పదలుచుకోలేదని అర్థం చేసుకుంది.

నిజం మంగలి గంగులయ్య అద్దంలో తెలిసింది. గంగులయ్య అంగడి చోటే సాహెబు కొట్టుకు పక్కనే. శుక్రవారం నమాజుకు గడ్డం సరిచేయించుకోవడానికి ఆయన గురువారమే అక్కడ కూర్చుంటాడు. కూర్చుని అద్దం చూశాడు. గడ్డంలో కుడివైపు, చెంప నుంచి కొస దాకా, అరచేయంత మేర వంకాయలా నిగనిగలాడుతోంది.

"ఏంది సాయిబన్నా ఇది" అన్నాడు గంగులయ్య, దువ్వెన పైకెత్తి ఆపి.

"వలరంగు పడినట్టుండాది."

"వలలకు వేసేది తుమ్మచెక్క కషాయం గదా. అది ఎర్రగా ఉంటాది. ఇది చూడబోతే వంకాయ."

సబ్బు పెట్టాడు. నిమ్మకాయ రుద్దాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. రంగు పోలేదు సరికదా, రుద్దే కొద్దీ ఎడమవైపుకు కూడా పాకి సమానంగా పరుచుకుంది. గొరిగేద్దామా అని అడిగితే చోటే సాహెబు ఆ చేతిలో కత్తి వైపు చూసిన చూపుకు గంగులయ్య కత్తి మడిచి పెట్టేశాడు.

"యాడ అంటిందో చెప్తే గదన్నా, దానికి విరుగుడు ఏందో చూసేది."

చోటే సాహెబు ఆలోచించాడు. బిడ్డ దగ్గర అంటిందంటే, చేపల గంపలతోపాటు ఆ కబురు సాయంత్రానికి బిట్రగుంట చేరుతుంది. మాట తప్పినవాడని కాలనీ అంతా నవ్వుతుంది. కాబట్టి గంభీరంగా, "రంగేసుకున్నా" అన్నాడు.

"రంగా."

"గడ్డానికి వేసేదే. కొత్తగా వచ్చింది."

"గోరింటాకు వేసుకుంటారు గదా మీలో."

"అది పాత పద్ధతి" అన్నాడు చోటే సాహెబు. వారం కిందట ఎవరైనా ఆ మాట తన ముందర అని ఉంటే వాళ్ళతో మాట్లాడటం మానేసి ఉండేవాడు.

గంగులయ్య ఇంకేమీ అడగలేదు. అడగని మంగలి అడిగే మంగలి కంటే ప్రమాదం. భార్య పోయి నాలుగేళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ వయసు. కూతురితో మాటల్లేవు. సొంత కొట్టు. ఇప్పుడు గడ్డానికి కొత్త రకం రంగు. ఇన్ని అంకెలు ఇస్తే కూడిక చేయడానికి గంగులయ్యకు చదువు అవసరం లేదు. దీపాలు పెట్టే వేళకు చోటే సాహెబు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడని పడవల రేవు దాకా తెలిసిపోయింది. పెళ్ళికూతురు ఎవరన్నది ఒక్కటే తేలాలి.

ఇవేవీ చోటే సాహెబుకు పట్టలేదు. ఆయన కళ్ళ ముందు ఆ ఊదా రంగు నోరే ఆడుతోంది. ఏం రోగమో అది. పాము కరిస్తే నోరు నీలంగా అవుతుందని విన్నాడు. కానీ పాము కరిచిన బిడ్డ గడ్డం అంత గట్టిగా లాగదు. కూతుర్ని అడగలేడు. అల్లుణ్ణి అడిగే ప్రశ్నే లేదు. శుక్రవారం నమాజు కాగానే ఊరి చివర పురుళ్ళ ఆసుపత్రికి పోయాడు. అక్కడ నర్సు ఎలిశబెతు. యాభై ఏళ్ళ మనిషి, భర్త పోయాడు. ఊళ్ళో సగం మందిని భూమ్మీదికి తెచ్చింది తనే కాబట్టి ఎవరికీ భయపడదు.

"నర్సమ్మా, మైపాడులో నా సావాసగాడొకడు ఉండాడు. వాడి మనవరాలికి రెండు నెలలు. నోరంతా నేరేడుపండు రంగుకు తిరిగింది. అది ఏం రోగం?"

ఎలిశబెతు ఆయన గడ్డం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అది రోగం కాదు సాయిబు గారూ. మందు."

"రంగు మందా?"

"జెన్షన్ వయొలెట్ అంటారు. రోగం తెల్లగా ఉంటాది. నాలిక మీద, బుగ్గల లోపల పెరుగు ముక్కలు అంటుకున్నట్టు ఉంటాది. పాలేమో అనుకుని తుడుస్తారు. తుడిస్తే రాదు, గట్టిగా గీకితే నెత్తురొస్తాది. నోటిపూత. అది ఒక రకం బూజు."

చోటే సాహెబు అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు. ముందు ప్రాణం కుదుటపడింది. తర్వాత ఆశ్చర్యం వచ్చింది. "నోట్లో బూజా? బూజు పట్టేది రొట్టెకు గదా. తడిగా కుప్పేసిన వలకు గదా."

"బిడ్డ నోరు మాత్రం తడి కాదా, వెచ్చన కాదా?"

అప్పుడు ఆయనకు అంతా తేటగా అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసే వ్యాపారమే అది. నూలు వలను తుమ్మచెక్క కషాయంలో ముంచి ఆరబెట్టకపోతే బూజు పట్టి, కుళ్ళి, చేప పడగానే చిరిగిపోతుంది. బిడ్డ నోటికి కూడా అలాగే రంగు పట్టిస్తున్నారన్నమాట. లోకంలో తన వ్యాపారానికి సంబంధం లేనిది ఏదీ లేదనే అనుమానం ఆయనకు చాలా కాలంగా ఉంది. అది ఇప్పుడు రుజువైంది.

"రెండు పూటలా కొంచెం కొంచెం పూస్తే నాలుగైదు రోజుల్లో తగ్గాల" అంది ఎలిశబెతు. "తగ్గినట్టే తగ్గి మళ్ళా వస్తాందంటే తల్లికి పూయలేదని అర్థం."

"తల్లి నోటికా?"

"నోటికి కాదు."

చోటే సాహెబు పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఒక బల్లి ఉంది. దాన్ని శ్రద్ధగా చూశాడు.

"బిడ్డ నోట్లో ఉండే బూజు తల్లికి అంటుకుంటాది. బిడ్డకు తగ్గేసరికి తల్లి దగ్గర్నించి మళ్ళా బిడ్డకు. ఆ తల్లికి మంటగా ఉంటాది, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోదు. డాక్టర్లు చెప్తానే ఉంటారు. అయితే మొగుడికి చెప్తారు. ఆ మొగుడు ఇంటికొచ్చి చెప్పాల గదా."

చోటే సాహెబుకు అల్లుడు కళ్ళ ముందు నిలిచాడు. మౌలా పెళ్ళయిన ఏడాది దాకా భార్యను 'ఇదిగో' అని తప్ప పిలవలేదు. అలాంటివాడు ఈ మాట భార్యతో చెప్తాడా? చచ్చినా చెప్పడు. ఆ సంగతిలో ఆయన అల్లుణ్ణి తప్పు పట్టనూ లేడు. తాను మాత్రం కూతురితో చెప్పగలడా? చెప్పగల మనిషి ఊరి మొత్తం మీద ఒక్కతే.

"నర్సమ్మా, నువ్వే పోయి ఆడబిడ్డతో నాలుగు మాటలు చెప్పి రావాల. బస్సు చార్జీ నేనిస్తా. బిట్రగుంట రైల్వే కాలనీ, మూడో వరస."

"మైపాడు బిట్రగుంటకు ఎప్పుడొచ్చింది సాయిబు గారూ?" అంది ఎలిశబెతు.

ఆదివారం చర్చి అయ్యాక పోతానని ఆమె ఒప్పుకుంది. ఎవరు పంపారో చెప్పకూడదని ఆయన ఒట్టు వేయించుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, తగ్గిన గొంతుతో, రెండు రూపాయలు ఆమె చేతిలో పెడుతుండగా గంగులయ్య సైకిలు మీద పోతూ చూశాడు. చూసి, సైకిలు దిగి, టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూశాడు. ఉంది. మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. పెళ్ళికూతురు ఎవరన్నది అంతటితో తేలిపోయింది. వేరే మతం అనే చిన్న చిక్కును పడవల రేవులో గంటసేపు చర్చించారు. ఈ వయసులో అవన్నీ చూస్తారా అన్నవాళ్ళే ఎక్కువమంది.

శనివారం పొద్దున ఆ కబురు చేపల గంపలతోపాటు బిట్రగుంట చేరింది. ఆదివారం మధ్యాహ్నం ఎలిశబెతు చేరింది. సాయంత్రం చోటే సాహెబు కొట్టు ముందు నిలబడి, చెమట తుడుచుకుంటూ, జరిగింది చెప్పింది.

"చెప్పినావా?"

"యాడ చెప్పనిచ్చింది? జువ్వలదిన్నె నించి వచ్చినానంటానే మీ కూతురు నన్ను తలకాయ నించి కాళ్ళ దాకా చూసింది. టీ ఇచ్చింది. చక్కెర వెయ్యలా. బిడ్డను చూస్తానంటే ముట్టుకోవద్దనింది. పాలిచ్చేటప్పుడు మంటగా ఉంటాందా అంటే, నీకెందుకు ఆ సంగతి అనింది. నేను మందు సంగతి ఎత్తితే ఆమె చీరల సంగతి ఎత్తింది."

"ఏ చీరలు?"

"వాళ్ళమ్మ చీరలు. ఒక్కటి కూడా నాకు ఇచ్చేది లేదంట. పెట్టె తాళం చెవి తన దగ్గరే ఉండాదంట." ఎలిశబెతు ఊపిరి తీసుకుంది. "సాయిబు గారూ, మీరు నన్ను చేసుకుంటాండారని ఊరంతా చెప్పుకుంటాండారు. నాకు ఈ పొద్దు తెలిసింది. మీకైనా ముందర తెలుసునా?"

చోటే సాహెబు వలనూలు ఉండ మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. పెళ్ళి మాట ఆయనకు ఆలస్యంగా తగిలింది. ముందు తగిలింది వేరే. "అయితే మందు సంగతి చెప్పలేదు గదా" అన్నాడు.

"లేదు. బిడ్డ మాత్రం పాలు నోట్లో పెట్టుకోవడం, ఏడ్చి వదిలెయ్యడం. చూసినా."

ఆ రాత్రి ఆయన అన్నం వదిలేశాడు. ఈసారి ఎంతసేపటికీ ఆకలి వేయలేదు.

సోమవారం పొద్దున పది గంటల బస్సులో సుల్తాన్‌బీ బిడ్డను ఎత్తుకుని దిగింది. వెనకాల మౌలా, సెలవు పెట్టిన మొహంతో. ఆమె నడక చూసి దారిలో ఇద్దరు ముగ్గురు పనులు మానుకుని వెంబడి వచ్చారు. గంగులయ్య సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలి కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తన పేరు కూడా ఉన్న వ్యవహారం కాబట్టి ఎలిశబెతు కూడా కబురు విని వచ్చింది.

సుల్తాన్‌బీ బిట్రగుంట నుంచి దారి పొడుగునా మాటలు పేర్చుకుని తెచ్చుకుంది. గుమ్మం దాటి, తండ్రి గడ్డం చూసింది. పేర్చుకున్న మాటలన్నీ ఆగిపోయాయి. ఆ రంగు ఆమెకు తెలుసు. పదిరోజులుగా ఆమె దిండు గలీబు మీద ఉంది. బిడ్డ చొక్కాల మీద ఉంది. మౌలా కుడిచేతి చూపుడువేలి మీద ఉంది. ఆమె నెమ్మదిగా నూలుబస్తా మీద కూర్చుంది.

"రంగు బాగుండాది నాయనా" అంది. "ఏ ఊరిది?"

"మద్రాసు" అన్నాడు చోటే సాహెబు, నేల చూపులు చూస్తూ.

"అంత దూరం నించి తెప్పించినావా?"

"తెలిసినోళ్ళు తెచ్చినారు."

"ఎట్టా వేసుకుంటారు? కుంచెతోనా?"

చోటే సాహెబు గడ్డాన్ని అరచేత్తో మూసుకున్నాడు. అప్పుడు బిడ్డ నోరు తెరిచి ఏడ్చింది. గంగులయ్య ఆ నోటి వైపు చూశాడు. తర్వాత గడ్డం వైపు చూశాడు. మళ్ళీ నోటి వైపు చూశాడు. అతని మొహంలో, నాలుగు రోజుల కష్టమంతా వృథా అయిన మనిషి బాధ కనబడింది. సుల్తాన్‌బీ బిడ్డను చంగు చాటుకు తీసుకుంది. బిడ్డ ఒక్క గుక్క తాగి వదిలేసి మళ్ళీ ఏడ్చింది. సుల్తాన్‌బీ పళ్ళు బిగబట్టి అటు తిరిగింది. బిడ్డను సర్దుతున్నట్టే చేసింది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చోటే సాహెబు అది చూశాడు.

ఇక ఆయనకు గడ్డమూ, మాటా, ఊరూ ఏవీ గుర్తు రాలేదు. లోపలికి పోయి రెండు పాత వల ముక్కలు తెచ్చి కూతురి ముందు పరిచాడు. చిన్నది రంగేసింది, పెద్దది వేయనిది.

"చూడమ్మా. ఈ రెండు వలలూ ఒక్క గంపలోనే ఉంటాయి. ఒకదాన్ని ఒకటి వదిలి ఉండవు. రెండిటికీ బూజు పట్టింది. నువ్వు చిన్నదానికి మాత్రం రంగేసినావు. బూజు పోయింది. మళ్ళా తీసుకుపోయి అదే గంపలో పెద్దదాని పక్కన పెట్టినావు. ఏమవతాది?"

"మళ్ళా పడతాది."

"పెద్దదానికీ రంగెయ్యాల. రెండిటికీ ఒక్కసారే వెయ్యాల" అన్నాడు. అని బల్లి కోసం పైకప్పు వెతికాడు. తన కొట్లో బల్లి లేదు.

సుల్తాన్‌బీ రెండు వలలనూ చూసింది. నెమ్మదిగా మొహం ఎర్రబడింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"డాక్టరు నీకు చెప్పినాడా ఈ సంగతి?"

మౌలా తన ఊదా రంగు వేలిని జేబులో పెట్టుకున్నాడు. "చెప్పినాడు. చెప్దామనే ఉన్నా. మా అమ్మ ఎప్పుడూ పక్కనే ఉంటాది గదా."

"పది రోజులా?"

"మొన్న కాగితం మీద రాసినా. మళ్ళా ఎవరైనా చదవతారని చించేసినా" అన్నాడు మౌలా. ఎంతో జాగ్రత్త తీసుకున్నవాడిలా అన్నాడు.

ఎలిశబెతు ముందుకు వచ్చి, "లోపలికి రామ్మా. ఆసుపత్రి చీటీ తెచ్చినావా? మందు ఎంత పాళ్ళది ఇచ్చినారో చూస్తా" అంది. సుల్తాన్‌బీ రవికలోంచి మడత చీటీ తీసి ఇచ్చింది. ఎలిశబెతు దాన్ని వెలుతురుకు పెట్టి, ఆసుపత్రి అలవాటు కొద్దీ, పైనుంచి గట్టిగా చదివింది. "పేరు మదార్‌బీ. వయసు రెండు నెలలు. తండ్రి మౌలా, గూడ్సు క్లర్కు."

"ఎవరు మదార్‌బీ?" అన్నాడు చోటే సాహెబు.

"నీ మనవరాలు" అంది సుల్తాన్‌బీ. "కాగితాల్లో అమ్మ పేరు, పిలుచుకునేదానికి పర్వీను. పేరు పెట్టిన రోజు అదే చెప్పబోతాంటే నువ్వు విస్తరి ముందర నించి లేచిపోయినావు. నువ్వే వచ్చి అడుగుతావు గదా అని చూస్తాండా. నువ్వేమో పెరటి తలుపులోంచి వచ్చి పోతాండావు. కంచెకు లుంగీ ముక్క ఉంటే ఇంకెవరిదనుకుంటాను నాయనా. లుంగీ కొనిచ్చింది నేనే గదా."

చోటే సాహెబు లెక్క చూసుకున్నాడు. పేరు చెవిన పడిందాకా చూడనన్నాడు. పడింది. నలుగురి ముందర, సర్కారు నర్సు నోటితో పడింది. గురువారం నాటి సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తకపోవడం మంచిది. చేతులు చాచాడు. సుల్తాన్‌బీ బిడ్డను ఇచ్చి, ఎలిశబెతు వెంట లోపలి గదిలోకి పోయింది. తలుపు వేసుకుంది. బిడ్డ తాత గడ్డం వెతుక్కుని, దొరకగానే ఏడుపు ఆపింది.

వారానికి బిడ్డ నోరు శుభ్రమైంది. తల్లికీ నెమ్మదించింది. మౌలా వేలు మామూలైంది. పెళ్ళి కబురును గంగులయ్య తానే వెనక్కి తీసుకున్నాడు. కాకపోతే ఆ రంగులో సాయిబు గారు పదేళ్ళు చిన్నగా కనబడ్డాడన్నది మాత్రం తన కళ్ళతో చూసిన నిజమనీ, దాన్ని కాదనలేననీ, కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు.

ఆ నెలాఖరులోగా యాభై దాటిన మగవాళ్ళు నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎలిశబెతు దగ్గరికి వచ్చి నోరు పూసిందని ఊదా మందు అడిగారు. నోరు తెరిచి చూపించమంటే ఒక్కరూ తెరవలేదు.